దొరగారి కొత్త కూత

కొత్త కూతను మొదట పట్టింది పిన్ని. చూపు పోతున్నకొద్దీ ఆవిడ చెవులే ఇంటికి కాపలా కాస్తున్నాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడును బట్టే వచ్చేది జిప్పు మార్పించుకునేవాళ్ళా, కొలతలిచ్చేవాళ్ళా, ఊరికే కూర్చుని పోయేవాళ్ళా చెప్పేస్తుంది. ఆ మధ్య ఒక మధ్యాహ్నం కిటికీ పక్క పంజరంలోంచి సన్నగా, పొడుగ్గా, చివర ఎవరినో అడుగుతున్నట్టు పైకి తేలే కూత వినిపించేసరికి, "ఒసే, మన దొరగారు ఏదో కొత్త పాట అందుకున్నాడే" అని మిషను ముందున్న టైలరక్కతో చెప్పి మురిసిపోయింది. ఒళ్ళో పళ్ళెంలోంచి ఆపిల్ ముక్క తీసి, వేళ్ళతో ఊచలు తడుముకుని లోపలికి అందించింది.

పండు ఎలా రాబట్టుకోవాలో దొరగారికి ఆ ఒక్కసారితోనే తెలిసిపోయింది.

దొరగారంటే చిలక. మెడ దగ్గర ఈకలు పల్చబడి, నడకలో మాత్రం బింకం తగ్గని ముసలి చిలక. కుట్టుమిషను చప్పుడు, కత్తెర చప్పుడు, వేడి ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట చేసే చప్పుడు అన్నీ దానికి వచ్చు. టైలరక్క గొంతుతో "పిన్నీ, దారం చూశావా" అని అడుగుతుంది. పిన్ని లేచి వెతకబోతే మెడ పక్కకి వంచి చూస్తుంది. చలికాలంలో ఛాతీకి జబ్బు చేసి, చుక్కల మందుతో బతికి బయటపడ్డాక ఆ ఇంట్లో దాని మాటకి ఎదురు లేకుండా పోయింది. కొత్త కూతకి ముక్క మీద ముక్క పడుతూనే వచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పిన్ని ఆ కూత వినిపించేది. టైలరక్క కూడా మిషను ఆపి నవ్వేది.

వీధిలో అందరికీ ఆవిడ టైలరక్కే. మాట తక్కువ. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి మాట్లాడదని చుట్టుపక్కలవాళ్ళు అనుకునేవాళ్ళు. మాట్లాడకుండా తప్పించుకోవడానికే సూదులు పెట్టుకుంటుందని పిన్ని అనేది.

మంగళవారం సాయంత్రం కింది వాటాలో ఉండే అమ్మాయి కోటు సరిచూసుకోవడానికి వచ్చింది. గాజుసామాన్ల గోదాములో గ్లాసులకి కాగితం చుట్టి పెట్టెల్లో సర్దే పని ఆ అమ్మాయిది. పనిలో తొడుక్కోవడానికి మోకాళ్ళ దాకా వచ్చే ముతక కోటు కుట్టమంది. మామూలుగా ఎప్పుడైనా సరే అనే పిల్ల, ఈసారి మాత్రం శుక్రవారం పొద్దుటికల్లా కావాలంది. ఆ అమ్మాయిని చెక్కపీట మీద నిలబెట్టి, టైలరక్క నేలమీద గొంతుకూర్చుని అంచు మడుస్తూ సూదులు గుచ్చుతోంది. సరిగ్గా అప్పుడే దొరగారు తన కూత మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. సూది గుచ్చుకుని కాలి మీద చిన్న ఎర్ర చుక్క తేలింది. అది కూడా చూసుకోకుండా పీట దిగి, గుమ్మం దాకా పరుగెత్తి, మెట్ల వైపు చెవి పెట్టి నిలబడింది. కింద ఏ చప్పుడూ లేదు. దొరగారు మళ్ళీ కూశాడు. ఆ అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగి పంజరం కేసి చూసింది.

"ఇదెక్కడ నేర్చుకుంది, అక్కా?"

పిన్ని సంబరంగా అందుకుంది. నెలా రెండు నెలలుగా ఇదే పాటట. ఎవరూ నేర్పలేదట, వాడి బుర్ర అలాంటిదట. ఆపిల్ ముక్క కోసం వేళ్ళు అప్పటికే పళ్ళెంలో తడుముతున్నాయి.

"మా పిట్టలు కలిసి ఉన్నప్పుడు ఇలా అరవవు పిన్నిగారూ" అంది ఆ అమ్మాయి. "విడదీసినప్పుడే అరుస్తాయి."

పిన్ని చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది.

ఆ అమ్మాయి దగ్గర లవ్‌బర్డ్స్ జంట ఒకటి ఉందని మేడ మీదివాళ్ళకి తెలుసు. తెలియనిదల్లా తర్వాతి సంగతి. అది ఆ అమ్మాయి పీట మీద కూర్చుని, కోటు అంచుకున్న సూదులు ఒక్కొక్కటే తడుముతూ చెప్పింది. వాళ్ళాయన చెయ్యెత్తడు. గొంతు పెంచడు. పని నుంచి రావడం ఆలస్యమైనా, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదనిపించినా, లేచి వెళ్ళి పంజరంలోంచి ఒక పిట్టను తీస్తాడు. చిన్న డబ్బా పంజరంలో పెట్టి వెనక గదిలోకి తీసుకెళ్ళి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని షాపుకి వెళ్ళిపోతాడు. ముందు గదిలో ఒకటి, వెనక గదిలో ఒకటి. అవి రోజంతా ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉంటాయి. ఆ అమ్మాయికి బుద్ధి వచ్చిందని ఆయనకి తోచిన రోజున తాళం తీస్తాడు. ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు. పోయిన నెల వెనక గది పిట్ట రెక్క కింద ఈకలు తనే పీక్కుంది.

ఆయనంటే మందుల షాపులో పనిచేసే మనిషి. పిన్ని కళ్ళచుక్కల సీసా అయిపోతుందనగానే తనే గుర్తుపెట్టుకుని పైకి తెచ్చి ఇస్తాడు. బంగారంలాంటి పిల్లాడని పిన్ని పదిమందికీ చెప్పింది.

ఇలాంటి ఆడవాళ్ళకి చోటిచ్చే ఇల్లొకటి ఊరి అవతల ఉంది. గోదాములో తనతో పనిచేసే ఒకావిడ ద్వారా తెలిసింది. మంచం ఇస్తామన్నారు, దగ్గరలోనే పని కూడా చూపిస్తామన్నారు. శుక్రవారం దాటితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. పిట్టల్ని మాత్రం రానివ్వరు. వాటిని వదిలేసి వెళితే ఆయన వాటినేం చేస్తాడో ఆ అమ్మాయికి తెలుసు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"నాకు చోటు కుదిరేదాకా, రెండు నెలలో, మూడు నెలలో. మీరైతే పిట్టల సంగతి తెలిసినవాళ్ళు కదా అని." ఆ అమ్మాయి మాట అక్కడితో ఆగింది. మళ్ళీ పీట ఎక్కి, అంచు గుచ్చడం పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడింది.

మర్నాడు టైలరక్క మిషను మీద గుడ్డ కప్పేసి, దొరగారిని చిన్న బుట్టలో పెట్టుకుని పిట్టల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చిలకను వెల్లకిలా పట్టుకుని, ఛాతీ దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. కొత్త పిట్టలు పైకి ఎంత హుషారుగా ఉన్నా లోపల ఏ జబ్బు మోస్తున్నాయో తెలియదన్నాడు. నెల పైన వేరే గదిలో తలుపు మూసి ఉంచాలి, గిన్నెలు వేరు, చేతులు కడుక్కోవాలి, ఆ గదిలో కట్టుకున్న బట్టతో ఈ గదిలోకి రాకూడదు. లవ్‌బర్డ్స్ చూడటానికే చిన్నవి, ఊచల్లోంచి చిలక వేలు అందితే తెంపేస్తాయి, ఎప్పటికీ ఒకచోట చేర్చవద్దు. ఇన్ని చేసినా, ఇలాంటి ఛాతీ ఉన్న ముసలి చిలక తన ఇంట్లో ఉంటే మాత్రం తాను తెచ్చుకోనన్నాడు. చిలకను బుట్టలో పెట్టి ఇస్తూ, "మీరడిగింది చిలక సంగతి కాబట్టి చిలక సంగతే చెప్పాను" అన్నాడు.

ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో మిషను, బట్టలు కత్తిరించే బల్ల, కొక్కేలకి వేలాడే సగం కుట్టిన బట్టలు, దొరగారు. వెనక గదిలో పిన్ని మంచం. తలుపున్నది ఆ గదికే.

డాక్టరు మాటలన్నీ పిన్నికి చెబుతూ టైలరక్క ఆవిడ ముఖం కేసే చూసింది. పిన్ని బుట్టలోంచి చిలకను తీసి భుజం మీద ఎక్కించుకుని, దాని వీపు మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, "పొద్దున్న వీడు అరిస్తేనే నాకు తెల్లారినట్టు తెలుస్తుంది" అంది. గది ఇవ్వననీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. ఆ మాటను టైలరక్క తనకి కావలసినట్టు అర్థం చేసుకుంది. పిన్నికి చిలక తప్ప ఎవరున్నారు అనుకుంది. ఊళ్ళో ఇంకెవరైనా పిట్టల్ని పెంచేవాళ్ళు ఉండకపోరనుకుంది. అలా అనుకుంటుంటే గుండె మీంచి బరువు దిగుతున్నట్టు అనిపించింది. అలా అనిపించడం కూడా ఆవిడకి నచ్చలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి పని నుంచి వస్తుంటే మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. చిలక ఛాతీ గురించి, డాక్టరు గురించి, ఉన్న ఒక్క తలుపు గురించి. చెబుతున్నదంతా నిజమే. అందుకే చెప్పడం తేలికగానే జరిగిపోయింది.

"పర్లేదక్కా" అంది ఆ అమ్మాయి. చేతి సంచీలోంచి తాళంచెవి తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "కోటుకి తొందరేం లేదు. వీలున్నప్పుడే కుట్టండి."

గురువారం పొద్దున్న మందుల షాపు అతను పైకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెన గీతలు ఇంకా ఆరని జుట్టు. పిన్నికి కళ్ళచుక్కల సీసా చేతిలో పెట్టి, మూత ఎటు తిప్పాలో ఆవిడ వేళ్ళు పట్టుకుని చూపించాడు. వేళకి వేసుకుంటున్నారా, మంట తగ్గిందా అని అడిగాడు. మిషను వైపు తిరిగి, పని ఎక్కువైతే నడుం పట్టేస్తుంది జాగ్రత్త అక్కయ్యగారూ అన్నాడు. నిన్న వాళ్ళావిడ మెట్ల దగ్గర చాలాసేపు నిలబడి మాట్లాడినట్టుందని నవ్వుతూ అని, సమాధానం కోసం చూడకుండా దిగి వెళ్ళిపోయాడు.

కింద తలుపు మూసిన చప్పుడైంది. కొద్దిసేపటికే వీధి వైపు నుంచి సన్నటి కూత ఒకటి లేచింది. అది ఆగగానే పెరటి వైపు నుంచి ఇంకొకటి. మళ్ళీ వీధి వైపు. మళ్ళీ పెరటి వైపు. ఇన్నాళ్ళూ ఈ చప్పుడు చెవిన పడుతూనే ఉన్నా, అది కింద పిట్టల సందడి అనుకుని వినడం మానేశారు. ఇప్పుడు ఒక్కో కూతకీ మధ్య ఎంత దూరముందో టైలరక్కకి తెలుస్తోంది. తన మిషను నుంచి పిన్ని మంచం దాకా ఉన్నంత.

ఆవిడ పెడల్ గట్టిగా తొక్కింది. మిషను చప్పుడులో కూత మునిగిపోయింది. బాబిన్‌లో దారం ఎప్పుడైపోయిందో చూసుకోలేదు. గుడ్డ తీసి చూస్తే పొడుగునా సూది పొడిచిన చిల్లులే తప్ప కుట్టు లేదు. మిషను ఆపింది. ఆపగానే మూడో కూత వినిపించింది. దొరగారు ఊచల దగ్గరికి వచ్చి, పిన్ని కేసి తల చాచి కూస్తున్నాడు. ముక్క రాకపోయేసరికి ఇంకొంచెం పొడుగ్గా, ఇంకొంచెం దీనంగా కూశాడు. పిన్ని చేతిలో ఆపిల్ ముక్క ఉంది. దాన్ని పిడికిట్లో నొక్కి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రసం కారి ఒళ్ళో పడుతోంది.

"ఇన్నాళ్ళూ ఈ ఏడుపుకా నేను పండు పెట్టింది" అంది.

టైలరక్క ఖాళీ బాబిన్ తీసి దారం చుట్టడం మొదలుపెట్టింది.

"నా మంచం ఇటు లాగు" అంది పిన్ని. "మిషను పక్కన పడుకుంటాను. నీ మిషను గోల నాకేం కొత్త కాదు. ఆ గది వాటికిచ్చెయ్యి."

"వీడికేమైనా అయితే?"

"అయితే ఏడుస్తాను. నువ్వూ ఏడువు. ఇంకేం చేస్తాం."

ఆ రోజు టైలరక్క ఇంకెవరి బట్టలూ ముట్టుకోలేదు. మంచం ముందు గదిలోకి లాగింది. కత్తిరింపు ముక్కలన్నీ కూరి, పొడుగాటి తలగడలాంటిది కుట్టి, వెనక గది తలుపు కింది సందులోకి బిగించింది. ఆ గదిలో మాత్రమే తొడుక్కోవడానికి పాత దుప్పటితో తనకొక పైచొక్కా కుట్టుకుంది. నల్ల లైనింగు గుడ్డతో కింది పిట్టల పంజరానికి ముసుగు కుట్టింది. చివరికి కోటు అంచు వేసి, ఇస్త్రీ చేసి, ఆ ముసుగును కోటు మడతల్లో పెట్టి, ఆ అమ్మాయి పని నుంచి వచ్చే వేళకి మెట్ల మీద నిలబడి చేతికిచ్చింది. "రేపటికన్నావుగా, అయిపోయింది" అంది. ఆ అమ్మాయి కోటు కేసి చూసి, తర్వాత ఆవిడ ముఖం కేసి చూసింది. ఆ రాత్రి ఆయనకి ఏం చెప్పుకుని ఎన్నిసార్లు తప్పయిందని ఒప్పుకుందో గాని, తెల్లారేసరికి పిట్టలు రెండూ ఒకే పంజరంలో ఉన్నాయి.

ఆయన షాపుకి వెళ్ళాక ఆ అమ్మాయి పంజరం పైకి తెచ్చింది. నల్లముసుగు పైన, ఉతకాల్సిన దుప్పట్లలా ఏదో కప్పుకొచ్చింది. ఆకుపచ్చ ఒళ్ళు, గులాబీరంగు ముఖాలు. పిడికిలంత పిట్టలు. కొర్రలు ఎంత వెయ్యాలో, నీళ్ళెప్పుడు మార్చాలో చెప్పింది. ఈకలు పీక్కున్న పిట్ట ఎడమవైపుది, అది ముందు తిననివ్వాలంది. ఊచల్లోంచి వేలు పెడితే ఆ పిట్ట వేలిని ముక్కుతో పట్టుకుని వదల్లేదు. పిన్ని గుమ్మం అవతలే నిలబడి, లోపలికి రాకుండా, వెళ్ళిరా తల్లీ అంది. ఆయన అడిగితే తమకేమీ తెలియదని చెబుతామని కూడా అంది. అది ముగ్గురూ అనుకున్న మాటే. ఆ అమ్మాయి కోటు తొడుక్కుని, చేతి సంచీ ఒక్కటే పట్టుకుని మెట్లు దిగింది.

చీకటి పడకముందే ఆయన వచ్చాడు. మామూలు కన్నా మెల్లగా ఎక్కుతున్నాడని పిన్ని ముందే చెప్పింది. గుమ్మంలో నిలబడి, వాళ్ళావిడ ఏదో అలిగి వెళ్ళిందని, ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుందని చెప్పాడు. వెళుతూ పిట్టల్ని కూడా ఎక్కడో పెట్టి వెళ్ళిందట. నవ్వాడు.

"తలుపు తీస్తుంటే పైనుంచి నా పిట్ట అరుపులా వినపడింది. అందుకని వచ్చాను."

టైలరక్క నోట్లో సూదులున్నాయి. తల అడ్డంగా ఊపబోయింది. ఈలోగా దొరగారు మనిషిని చూసిన హుషారులో ఊచల దగ్గరికి వచ్చి, గొంతు సాగదీసి, అచ్చం ఆ కూతే కూశాడు.

ఆయన బిత్తరపోయి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. అనుమానమంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. "చిలకా! నేనింకా ఏమిటో అనుకున్నాను" అన్నాడు. దగ్గరికి వచ్చి, ఏదీ మళ్ళీ అనమన్నాడు. దొరగారు అన్నాడు. భలే పట్టేసిందే, ఏం నేర్పారండీ అని మెచ్చుకుంటూ, పిన్ని ఒళ్ళో పళ్ళెంలోంచి ఆపిల్ ముక్క తీసి ఊచల మధ్య పెట్టాడు. దొరగారు కాలితో అందుకుని తినడం మొదలుపెట్టాడు. ఇక వస్తానండీ అని ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

టైలరక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదిదిండుకి గుచ్చింది.

"అది మేం నేర్పలేదు" అంది. "మీ ఇంట్లోంచి నేర్చుకుంది. మీ పిట్టలు లోపలున్నాయి. ఇవ్వను."

పిన్ని తల ఆవిడ వైపు తిరిగింది.

ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. విన్నది తప్పేమో అన్నట్టు నిలబడ్డాడు. తర్వాత చాలా మర్యాదగా, ఆ పిట్టలు తనవన్నాడు, పంజరం తను తెచ్చిందే అన్నాడు. పంజరం ఆయనదైతే వేరేది చూసుకుని, ఇది కడిగి కింద గుమ్మంలో పెడతానని టైలరక్క చెప్పింది. ఆయన వెనక గది తలుపు కేసి ఒక అడుగు వేశాడు. ఆవిడ లేచి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మెడలో వేలాడుతున్న కొలత టేపు రెండు కొసలూ పట్టుకుంది. పిన్ని మంచం మీంచి లేచి, గోడ తడుముకుంటూ వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.  దొరగారు పండు తింటున్న చప్పుడు వినిపిస్తోంది.

మెట్ల మీద ఎవరో ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వస్తూ ఆయాసపడుతున్నారు. ఆయన చొక్కా సవరించుకున్నాడు. వచ్చినావిడకి దారి ఇచ్చి, బాగున్నారా అని పలకరించాడు. గుమ్మం దాటుతూ, "చిలకను జాగ్రత్తగా చూసుకోండి అక్కయ్యగారూ" అన్నాడు.

ఆవిడ కొలతలిచ్చి వెళ్ళాక తలుపు గడియ వేశారు. పిన్ని మంచం పట్టె మీద కూర్చుంది.

"నమ్మేశాడుగా. వెళ్ళిపోతున్నాడుగా. చెప్పక్కర్లేదుగా."

"చెప్పక్కర్లేదు."

"మరి?"

టైలరక్క ఊచల కింద పడిన ఆపిల్ తొక్క ఏరి చేతిలోకి తీసుకుంది.

"ఆ ఏడుపుకి పండు పెట్టాడు పిన్నీ" అంది.

ఆ తర్వాత కళ్ళచుక్కల కోసం టైలరక్కే నాలుగు వీధుల అవతలి షాపుకి వెళ్ళి రావడం మొదలైంది. కిటికీ రెక్కలు మూసి, పంజరాన్ని గోడవైపుకి జరిపారు. పిన్ని దొరగారికి కొత్త కూత మాన్పించాలని పట్టుబట్టింది. ఆ కూత కూసినప్పుడు పళ్ళెం పక్కన పెట్టేసి చేతులు ముడుచుకుని కూర్చునేది. వేరే ఏ మాటన్నా ముక్క పెట్టేది. దొరగారికి ఈ న్యాయం అర్థం కాలేదు. మొదట గట్టిగా కూశాడు, తర్వాత పొడుగ్గా కూశాడు, ఆ తర్వాత మిషను చప్పుడూ, దారం మాటా, అన్నీ కలిపి మానేశాడు. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చున్నాడు. ఒకసారి తుమ్మాడు. అది జబ్బు తుమ్మో, దుమ్ము తుమ్మో తెలియక ఇద్దరూ పని మానేసి రెండో తుమ్ము కోసం ఎదురుచూశారు. పొద్దున్నే లేచి పిన్ని, "తెల్లారిందా?" అని టైలరక్కను అడుగుతోంది.

టైలరక్క రోజుకి ఎన్నోసార్లు పైచొక్కా తొడుక్కుని లోపలికి వెళ్ళి, విప్పి బయటికి వచ్చి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటోంది. నీళ్ళకి వేళ్ళు ముడతలు పడి సూది సరిగ్గా దొరకడం లేదు. కుట్టాల్సిన బట్టలు కొక్కేల మీద పేరుకున్నాయి.

ఒక సాయంత్రం ఫోను మోగింది. ఆ అమ్మాయి. మంచం కిటికీ పక్కన ఇచ్చారని, కోటు భుజాల దగ్గర సరిగ్గా సరిపోయిందని చెప్పింది. దొరగారెలా ఉన్నాడని అడిగింది. బాగానే ఉన్నాడని టైలరక్క అంది. 

"ఒక్కసారి వాటి గొంతు వినిపిస్తావా అక్కా."

టైలరక్క పైచొక్కా తొడుక్కుని, ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు మూసి, పంజరం దగ్గర నేలమీద కూర్చుంది. ఫోను ఊచలకి ఆనించి పట్టుకుంది. పిట్టలు రెండూ కర్ర మీద ఒకచోటే కూర్చుని ఉన్నాయి. ఒకటి రెండోదాని మెడ దగ్గర ఈకలు సవరిస్తోంది. రెక్క కింద బోసిపోయిన చోట సన్నగా కొత్త ఈకల మొనలు కనిపిస్తున్నాయి.

"ఏం వినపడటం లేదు" అంది ఆ అమ్మాయి. గొంతులో కంగారు. "అక్కా, ఏం వినపడటం లేదు."

"ఆఁ" అంది టైలరక్క. "పక్కపక్కనే కూర్చున్నాయి."

 ఫోను కాసేపు అక్కడే ఉంచమని ఆ అమ్మాయి అడిగింది. టైలరక్క అలాగే పట్టుకుని కూర్చుంది. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకుంది.